నరసాపురంలో మండువా లోగిలి: పెంకులు దింపేసి రేకులు వేయాలా, ఉన్న కప్పునే బాగుచేయించుకోవాలా?

ప్రశ్న: నరసాపురం టీచర్

మాది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. టౌన్లోనే, గోదారి గట్టుకి దగ్గర్లో మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి ఉంది. అన్నయ్య హైదరాబాద్‌లో, తమ్ముడు డల్లాస్‌లో స్థిరపడ్డారు. నేను ఇక్కడే స్కూల్లో పనిచేస్తూ అమ్మతో ఆ ఇంట్లోనే ఉంటున్నాను. ఇంటి కప్పు సంగతి ఈ వేసవిలోపు తేల్చాలి. తెలిసినవాళ్లు సలహా ఇవ్వండి.

ముందు ఇల్లు ఎలా ఉంటుందో చెప్తాను. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ నాలుగు వైపులా వసారాలు, వాటి వెనక గదులు. కప్పంతా మంగళూరు పెంకు, మా వైపు బంగాళా పెంకు అంటాం. దూలాలు, స్తంభాలు టేకు. వాసాలు మాత్రం ఎక్కువ తాడి. మొత్తం కప్పు 1,800 చదరపు అడుగులు ఉంటుందని మేస్త్రి టేపు పెట్టి కొలిచి చెప్పాడు. గోడలు ఇటుకే కానీ చాలా మందం, లోపల మట్టి, పైన సున్నం పూత.

ఇప్పుడు ఇబ్బంది ఏమిటంటే మండువా నాలుగు మూలల్లోనూ కారుతోంది. ఈశాన్యం మూల మరీ ఘోరం. అమ్మ ఓపిక ఉన్నన్నాళ్లూ ఆ మూల వసారాలోనే కూర్చుని లేసు అల్లేది, వెలుతురు బాగా పడుతుందని. ఇప్పుడు వానొస్తే అక్కడ మూడు బకెట్లు పెట్టాల్సి వస్తోంది. గోడ మీద సున్నం ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. కొన్నేళ్ల కిందట ఒక మేస్త్రి ఆ మూలలన్నీ సిమెంటుతో పూడ్చేశాడు. ఒక వర్షాకాలం బాగానే గడిచింది. ఆ తర్వాత మునుపటికంటే ఎక్కువ కారడం మొదలైంది. చూరు దగ్గర రెండు వాసాల చివర్లు వేలితో నొక్కితే పొడి రాలుతున్నాయి.

ముగ్గుర్ని పిలిచి చూపించాను, ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. ఒకాయన పెంకు, వాసాలు అన్నీ దింపేసి ఇనుప పైపుల మీద రంగు రేకులు వేసేద్దాం, మూడు లక్షల లోపే అయిపోతుంది, ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు అన్నాడు. ఇంకొకాయన గోడలు మందంగా ఉన్నాయి కాబట్టి స్లాబ్ వేసుకోండి, రేపు పైన పోర్షన్ కూడా లేపుకోవచ్చు అన్నాడు. మూడో ఆయన పెంకుల మీద వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొడితే చాలన్నాడు. అన్నయ్య రేకుల వైపు మొగ్గుతున్నాడు. డబ్బు పెట్టేది వాళ్లిద్దరూ కాబట్టి నేను గట్టిగా కాదనలేకపోతున్నాను. కానీ ఆ పెంకులు దింపేస్తే ఆ ఇల్లు ఆ ఇల్లుగా మిగలదు. మండువాలోకి నాలుగు వైపుల నుంచీ నీళ్లు దూకే ఆ కప్పు ఇంకెక్కడా కట్టరు. ఇది నా మొండితనం అనుకున్నా ఫరవాలేదు, సరైన కారణాలు చెప్పి అన్నయ్యని ఒప్పించాలని ఉంది.

ఇంకో సంగతి. రాలి పగిలిన ఒక పెంకు తిప్పి చూస్తే వెనక ఇంగ్లీషులో బాసెల్ మిషన్ టైల్ వర్క్స్ అనీ, 1865 అనీ అచ్చు ఉంది. అంటే మా ఇల్లు 1865 నాటిదా? ముత్తాతగారి కాలం లెక్కేస్తే అంత పాతది అయ్యుండదనిపిస్తోంది.


జవాబు: అమలాపురం, రిటైర్డ్ ఇంజనీరు

టీచర్ గారూ, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలిక. 1865 మీ ఇంటి వయసు కాదమ్మా. బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం అది. ఎన్నేళ్ల తర్వాత చేసిన పెంకు మీదైనా అదే వేసేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ మిషన్ ఆస్తుల్ని శత్రు దేశపు ఆస్తి కింద బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, తర్వాత ఆ ఫ్యాక్టరీలు కామన్‌వెల్త్ ట్రస్ట్ చేతికి వెళ్లాయి. కాబట్టి మీ పెంకు ఆ యుద్ధం నాటికో, అంతకు ముందో తయారైంది. నూరేళ్లు దాటిన పెంకు. ముత్తాతగారి లెక్కకి సరిపోయే ఉంటుంది.

ఇక కారడం గురించి. మీరు రాసింది చదివితే పెంకుది తప్పు కాదనిపిస్తోంది. మండువా ఇంట్లో పెంకు కప్పుకి అసలు కీలకం ఆ నాలుగు లోపలి మూలలే. రెండు వాలుల నీళ్లూ అక్కడే కలుస్తాయి, మిగతా చూరు మీద పడేదానికి ఎన్నో రెట్లు నీరు ఆ ఒక్క గీత మీదుగా దిగుతుంది. పాతవాళ్లు అక్కడ పెంకుల కింద రేకు దోనె వేసేవాళ్లు. ఆ దోనె తుప్పుపట్టి చిల్లు పడి ఉంటుంది. మేస్త్రి దాన్ని తీసి కొత్తది వెయ్యకుండా పైన సిమెంటు పోశాడు. సిమెంటు ఎండకి బిగుసుకుంటుంది, కింద వాసం వానకి ఉబ్బుతుంది, ఎండకి కుదించుకుంటుంది. రెండూ కలిసి కదలవు కాబట్టి వెంట్రుకవాసి పగులు వస్తుంది. ఆ పగుల్లోంచి దిగిన నీరు బయటికి ఆరిపోయే దారి లేక చెక్కలోనే నిలిచిపోతుంది. మీకు రెండో ఏడాది ఎక్కువ కారడానికి కారణం ఇదే. పెయింట్ కొట్టినా ఇదే కథ. పెంకు తడి పీల్చి మళ్లీ గాలికి ఆరాలి, పైన ప్లాస్టిక్ పొర వేస్తే ఆరదు.

స్లాబ్ మాట అన్నయ్యగారు ఎత్తితే ఈ లెక్క చూపించండి. నూరు చదరపు అడుగులకి మంగళూరు పెంకు సుమారు 150 పడుతుంది. మీ కప్పుకి 2,700 అనుకోండి. పెంకు రెండున్నర కిలోల చొప్పున ఏడు టన్నుల లోపు. అదే 5 అంగుళాల స్లాబ్ పోస్తే 50 టన్నులు దాటుతుంది. మట్టితో కట్టిన ఇటుక గోడ, రాతి దిమ్మ మీద నిలబెట్టిన టేకు స్తంభం ఆ బరువు కోసం కట్టినవి కావు. స్లాబ్ వేయమన్న మనిషిని స్తంభం కింద పునాది ఎంత లోతుందో తవ్వి చూశారా అని అడగండి చాలు.

రేకులు తేలిక, మీ కప్పంతా వేసినా టన్ను కూడా ఉండదు. ఆ తేలికతనమే మన తీరంలో ప్రమాదం. 1996 నవంబర్ 6 తుఫానప్పుడు నేను కోనసీమలోనే ఉద్యోగంలో ఉన్నాను. కొబ్బరి చెట్లు లక్షల్లో పడిపోయాయి. మా వీధిలో పెంకుటిళ్లకీ దెబ్బ తగిలింది, కాదనను. అయితే పెంకు లేచిన చోట ఆ నాలుగు వరసలు మళ్లీ సర్దుకున్నాం. రేకు ఒక్క మేకు దగ్గర ఊడిందంటే గాలి దాని కిందకి దూరి మొత్తం పలకని లేపుకుపోతుంది, పక్కింటి వాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. పైగా నరసాపురం అంటే సముద్రానికి దగ్గర. ఉప్పు గాలికి రేకు కంటే ముందు దాని స్క్రూలు, వాషర్లు పోతాయి. ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదన్న మాట మీ ఊళ్లో చెల్లదు. సిమెంటు రేకుల జోలికైతే అసలు పోవద్దు. ఇక్కడ దొరికే చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినా విరిగినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు.

మీరు ముందు చూడాల్సింది వాసాల్ని. తాడి మిగతా చెట్లలాంటిది కాదు. టేకుకీ వేపకీ చేవ లోపల ఉంటుంది, తాడికి చేవ బయట ఉంటుంది, లోపల మెత్తన. కాబట్టి తడి తగిలిన తాడివాసం లోపల గుల్ల అయిపోయినా పైకి నల్లగా, నున్నగా, గట్టిగానే కనిపిస్తుంది. చూసి మోసపోతాం. ఒక చిన్న సుత్తి తీసుకుని గోడలోకి వెళ్లే చోటి నుంచి చూరు దాకా జానెడుకొక దెబ్బ కొట్టించండి. బాగున్న వాసం ఠంగుమంటుంది, పోయినది డొల్లగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట సన్నని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అర అంగుళం దిగకుండా ఆగాలి. వాసం గోడలో కూర్చునే చివర, చూరు చివర, దోనె కింద, ఈ మూడు చోట్లే ఎక్కువ పోతుంది. పోయిన వాసాల మీద సుద్దతో గుర్తు పెట్టి లెక్క ఇక్కడ రాయండి. అప్పుడు ఖర్చు మాట్లాడుకుందాం.


నరసాపురం టీచర్

మీరు చెప్పినట్టే చేయించాం. పాలకొల్లు నుంచి ఒక వడ్రంగి వచ్చారు, డెబ్బై దగ్గర పడిన మనిషి. వాళ్ల నాన్నగారు ఇలాంటి ఇళ్లకి పనిచేశారట. నిచ్చెన వేయించుకుని ఒక్కో వాసాన్నీ సుత్తితో తట్టుకుంటూ వెళ్లారు. నేను కింద నిలబడి గుర్తులు పెట్టాను. కాసేపటికి నా చెవికి కూడా తేడా తెలిసిపోయింది.

ఈశాన్యం మూలలో ఆరు వాసాలు పోయాయి. వాటిలో నాలుగు చూరు చివర మూరెడు మేర మాత్రమే గుల్ల, పైన గట్టిగానే ఉన్నాయి. మూలవాసం, అంటే రెండు వాలుల మధ్య ఐమూలగా దిగేది, టేకుది. దాని మీద సిమెంటు పెచ్చు ఊడదీస్తే కింద చెక్క నల్లబడి తడిగా ఉంది, మూడు రోజులుగా వానే లేదు! స్క్రూడ్రైవర్ అంగుళం దిగింది. మిగతా మూడు మూలల్లో కలిపి ఇంకో ఐదు వాసాలు. ఇంటి బయటి వైపు వాలుల్లో ఒక్కటి కూడా పోలేదు. అన్నయ్యకి వీడియో కాల్‌లో ఆ నల్లబడిన చెక్కని, పక్కనే బయటి వాలులో మెరుస్తున్న వాసాన్ని చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "పదకొండు వాసాల కోసం ఇల్లంతా విప్పమంటున్నారా వాళ్లు" అన్నాడు.

పెంకుల్లో ఒక చిక్కు కనిపించింది. దక్షిణం వైపు వాలులో వేరే ఫ్యాక్టరీ పెంకులు కలిసి ఉన్నాయి. మా నాన్నగారి హయాంలో మార్చినట్టున్నారు. అవి పాతవాటితో గాడిలో సరిగ్గా కూర్చోవడం లేదు, మధ్యలో చిటికెన వేలు పట్టేంత సందు. వీటిని ఏం చేయాలి? పాత పెంకులు ఎక్కడ కొనాలి?


జవాబు: జగిత్యాల నుంచి

అక్కా, మాది గూనపెంకల ఇల్లు, మీది మంగళూరు పెంక. అయినా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీని గురించి పైన ఎవరూ రాయలేదు. కోతులు. మా దగ్గర పెంకుటిండ్లు పోవడానికి వాన కంటే కోతులే పెద్ద కారణం. గుంపు ఒక్కసారి ఇంటి మీద నుంచి ఉరికిందంటే గూనపెంకలన్నీ చెదిరిపోతయి. ఆడుకుంట పెంక లేపి కింద ఏముందో చూస్తయి. ప్రతి వానకాలం ముందు మనిషిని పెట్టి సర్దిచ్చుకునేటోళ్లం. ఇప్పుడు ఆ పనిచేసే మనిషి దొరకడు, గూనపెంక చేసే కుమ్మరి ఊర్ల లేడు. అందుకే వాడకట్టంతా రేకులు, స్లాబులు అయిపోయినయి. ఎవరినీ తప్పు పట్టను, రాత్రిపూట ముసలోళ్ల మీద నీళ్లు కారుతుంటే ఎవరైనా అదే చేస్తరు.

మేం ఏం చేసినమంటే, మా బాపు గది వరకు పెంక ఉంచుకున్నం. వాసాల మీద బద్దలు కొట్టినంక వాటి మీద సన్నకన్ను స్టీలు జాలి పరిచి, దాని మీద పెంక కప్పినం. పెంక జరిగినా కోతి లోపలికి రాదు, పగిలిన ముక్క మనిషి మీద పడదు, ఎలుక దూరదు. గాలి మాత్రం ఆడుతది. చాలామంది జాలి బదులు టార్పాలిన్ పరుస్తరు, అది చేయకండి. కింద చెమటలాగ నీళ్లు పట్టి కట్టె పాడైతది. మీ దగ్గర కోతులు ఉన్నయా లేవా తెల్వదు గానీ, ఎట్లాగూ విప్పుతున్నరు కాబట్టి ఆలోచించండి.


జవాబు: అమలాపురం, రిటైర్డ్ ఇంజనీరు

జగిత్యాల తమ్ముడు మంచి మాట చెప్పాడు. మీ ఊళ్లో ఉప్పు గాలి కాబట్టి జాలి వేస్తే స్టెయిన్‌లెస్‌దే వేయండి, మామూలుది నాలుగేళ్లకే పొడి అవుతుంది.

టీచర్ గారూ, మీ లెక్క చూసి నాకు చాలా సంతోషంగా ఉంది. చూరు చివర మూరెడు మాత్రమే పోయిన నాలుగు వాసాల్ని మార్చనక్కర్లేదు. పోయిన ముక్క కోసేసి, దాని పక్కన గట్టి వాసాన్ని మూడు నాలుగు అడుగుల మేర జోడుగా పెట్టి బోల్టులు బిగిస్తే సరిపోతుంది. పూర్తిగా పోయినవాటికి ముదురు తాడే దొరికితే తాడి, లేకపోతే పాత ఇళ్ల టేకు. కొత్త చెక్కకి గోడలో కూర్చునే చివర జీడిపిక్కల నూనె రెండు మూడు పూతలు పూయించండి, చెద అంత తేలికగా ముట్టదు. ఆ చివర చుట్టూ సిమెంటు మెత్తొద్దు. సున్నం, ఇటుక పొడి కలిపి మెత్తించి, కాస్త గాలి సందు వదలండి. మూలవాసం విషయంలో మాత్రం పొదుపు చూడొద్దు. ఆ మూలలో కలిసే రెండు వాలుల బరువు దాని మీదే ఉంటుంది. అంగుళం లోతు మెత్తబడిందంటే మార్చేయండి.

దోనె గురించి కాస్త వివరంగా చెప్తాను, ఇల్లు నిలబడేది దాని మీదే. మూలవాసానికి రెండు వైపులా పలక కొట్టి, దాని మీద రెండడుగుల వెడల్పు రేకు మధ్యలో మడత వచ్చేలా పరవాలి. రెండు అంచులూ పైకి అర అంగుళం మడవాలి, పెంకు కింద నుంచి నీరు పక్కకి పొర్లకుండా. పెంకు దోనె మీదకి రెండు వైపులా కనీసం అరచేయి వెడల్పు రావాలి, మధ్యలో నీరు పారే దారి నాలుగైదు అంగుళాలు తెరిచి ఉండాలి. ఆ దారిని మూసేస్తే వేపాకు, కొబ్బరి పీచు చేరి నీరు వెనక్కి తన్నుతుంది. రాగి రేకు వేయగలిగితే మీ తర్వాతి తరం కూడా దాన్ని ముట్టుకోనక్కర్లేదు. నాలుగు మూలలకీ కలిపి కావాల్సింది కొద్ది రేకే కాబట్టి డల్లాస్ తమ్ముడి వాటా దీనికి అడగండి. రాగి వేస్తే మేకులు కూడా రాగివే వాడాలి. ఇనుప మేకు రాగిని తాకితే ఇనుమే ముందు తినుకుపోతుంది.

పెంకుల విషయం. ఒకే అచ్చు పెంకులన్నీ ఏరి మండువా వైపు లోపలి వాలులకి వాడండి, నీరు ఎక్కువ పారేది అక్కడే కాబట్టి. వేరే ఫ్యాక్టరీవి దక్షిణం బయటి వాలు ఒక్కదానికే మొత్తంగా వేసేయండి. ఒకదానితో ఒకటి కలవవు గానీ వాటిలో అవి బాగానే కూర్చుంటాయి. తగ్గినవి పాత ఇళ్లు విప్పి సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. వెళ్లేటప్పుడు మీ పెంకు ఒకటి చేతిలో పట్టుకెళ్లి, గాడిలో పెట్టి చూసుకుని కొనండి. గోటితో కొడితే మోగాలి. నాలుగు నమూనాలు ఇంటికి తెచ్చి, ఆరినప్పుడు తూచి, ఒక రోజంతా బకెట్ నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. రెండున్నర కిలోల పెంకు అర కిలో కంటే ఎక్కువ బరువు పెరిగితే వద్దు. భారతీయ ప్రమాణాల ప్రకారం కూడా నీటి పీల్పు 20 శాతం దాటకూడదు.

బద్దలు కొట్టేటప్పుడు పుస్తకం కొలత చూడకండి, పెంకు పెట్టి కొలవండి. మామూలుగా 12, 13 అంగుళాల మధ్య వస్తుంది. చూరు దగ్గరి రెండు వరసలు, కొప్పు దగ్గరి వరస తీగతో బద్దకి కట్టించండి. పెంకు అడుగున చిన్న ముక్కు, దానికి రంధ్రం ఉంటుంది, అది ఇందుకే. పనివాళ్లు బద్ధకించి వదిలేస్తారు, దగ్గరుండి చూసుకోండి. తుఫానుకి ముందు లేచేది ఆ వరసలే.

ఒక వాలు విప్పి, కప్పి, ఆ తర్వాతే రెండో వాలు ముట్టుకోవాలి. ఇల్లంతా ఒకేసారి విప్పనివ్వొద్దు. విప్పడం కొప్పు నుంచి కిందకి, కప్పడం చూరు నుంచి పైకి.

ఇదే చదువుతున్న ద్రాక్షారామం, సామర్లకోట వాళ్లకి ఒక మాట. ఆ రెండు ఊళ్లలో భీమేశ్వరాలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2010 సవరణ చట్టం ప్రకారం అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకూ అనుమతి కావాలి. మరమ్మతుకి కూడా అనుమతి అడగాల్సిందే. ముందే దరఖాస్తు పెట్టుకుంటే పని మధ్యలో ఆగదు.


జవాబు: జమ్మలమడుగు నుంచి

మాది చౌడు మిద్దె, పెంకుల గురించి నాకు తెలియదు. అయినా ఈ చర్చ చదువుతుంటే మా ఇంటి సంగతే అనిపించింది. దూలాలు, దంతెలు (దూలాల మీద అడ్డంగా వేసే సన్న దుంగలు), వాటి మీద కట్టెలు, కంప, ఆ పైన మట్టి, అన్నిటికంటే పైన చౌడు. వానకి చౌడు ఉబ్బి సందులన్నీ మూసుకుంటుంది, ఉప్పు ఉండటం వల్ల గడ్డి కూడా మొలవదు. ప్రతి ఏడూ వానలకి ముందు కొత్త చౌడు తోలించి పరిచేవాళ్లు. మా వీధిలో ఒకరు ఆ పని తప్పించుకోవడానికి పైన ప్లాస్టిక్ పట్టా పరిచి సిమెంటు వేయించారు. బయటికి చుక్క కారలేదు. లోపల దంతెలు మాత్రం తడిసి తడిసి ఒక చలికాలంలో మధ్య అంకణం (రెండు దూలాల మధ్య భాగం) కూలిపోయింది. అదృష్టం కొద్దీ ఆ గదిలో ఎవరూ లేరు.

అందుకని టీచరమ్మా, మీ అన్నగారికి ఇది కూడా చెప్పండి. ఈ కప్పులన్నీ ఏటా ఒకసారి మనిషి ఎక్కి చూసుకుంటాడన్న లెక్కతో కట్టినవి. వానకి ముందు ఒక కూలీ, ఒక రోజు. ఆ ఖర్చుని ఇంటిపన్నులాగ పక్కన పెట్టుకుంటే ఇంకో యాభై ఏళ్లు ఉంటుంది. మాకు ఇప్పుడు ఎదురయ్యే కష్టం వేరే, ఏళ్ల తరబడి పోసిన చౌడు మందం పెరిగి దూలాలు వంగుతున్నాయి. పాతది గీకి దింపి కొత్తది వేయించాలి. తెలిసిన పనివాళ్లు ఎవరైనా ఉంటే రాయండి.


నరసాపురం టీచర్

అందరికీ నమస్కారాలు. అన్నయ్య ఒప్పుకున్నాడు. ఈ వేసవికి మండువా వైపు నాలుగు లోపలి వాలులు, నాలుగు దోనెలు, పదకొండు వాసాలు, ఈశాన్యం మూలవాసం. బయటి వాలులు గట్టిగా ఉన్నాయి కాబట్టి వాటిని ఇప్పుడు ముట్టుకోవడం లేదు, దక్షిణం వైపు పెంకులు మాత్రం వేరు చేయిస్తాం. రాగి రేకు తమ్ముడి వాటా, అడగ్గానే సరేనన్నాడు. పాలకొల్లు వడ్రంగిగారు వాసాల పనీ, దోనెల పనీ రెండూ ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు, నేర్చుకునే కుర్రాళ్లు ఇద్దర్ని వెంట తెచ్చుకుంటానని. అంతకంటే కావాల్సిందేముంది, వాళ్ల భోజనం మా ఇంట్లోనే అన్నాను.

పాత పెంకుల కోసం వచ్చే ఆదివారం భీమవరం వైపు వెళ్తున్నాం. తూచే మిషన్, బకెట్ సిద్ధంగా ఉన్నాయి. మా వీధికి కోతులు ఈ మధ్యే రావడం మొదలుపెట్టాయి, జగిత్యాల తమ్ముడు చెప్పిన స్టీలు జాలి ధర కూడా కనుక్కుంటున్నాను. పరీక్షల డ్యూటీ అయ్యాక, ఏప్రిల్ చివర్లో ఈశాన్యం మూలతో మొదలుపెట్టి మృగశిర కార్తె లోపు పూర్తి చేయాలని అనుకున్నాం.

మండువాలో నీరు బయటికి పోయే తూము కూడా సగం పూడుకుపోయి ఉంది. స్తంభాల అడుగు దాకా నీరు చిమ్ముతోంది. రాతి దిమ్మ మీద కూర్చున్న టేకు అడుగు భాగం అక్కడక్కడా రంగు మారింది. దీన్ని కప్పు పనితో పాటే చేయించాలా, ముందే చేయించాలా?


జవాబు: అమలాపురం, రిటైర్డ్ ఇంజనీరు

తూము ముందు. రేపే చేయించండి. కప్పు బాగైతే ఇప్పుడు గోడల్లోకి ఇంకుతున్న నీరంతా మండువాలోకే వస్తుంది, అది పోయే దారి ముందు ఉండాలి. స్తంభాల అడుగు సుత్తితో తట్టి చూసి, మోత మారకపోతే నూనె పూత చాలు. డొల్లగా పలికినవి ఉంటే ఫొటో పెట్టండి, పైన బరువు దించకముందే జాకీ పెట్టి ఎలా నిలబెట్టాలో చెప్తాను.